అమ్మ కిడ్నీని నా ఒళ్ళు పరాయిదంది

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు థైమస్ గురించి పన్నెండేళ్ళ పాటు నాలుగే ముక్కలు చెప్పాను. రొమ్ము ఎముక వెనక, గుండెకు ముందు ఉంటుంది. రెండు లంబికలు. టి-లింఫోసైట్లు, అంటే టి కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాలు, అక్కడే ఎదుగుతాయి. యుక్తవయసు దాటాక కుంచించుకుపోతుంది. బాలగ్రంథి అనే తెలుగు పేరు బోర్డు మీద రాసి, రెండు మార్కుల ప్రశ్న రావచ్చు గుర్తుంచుకోండి అని చెప్పి తర్వాతి గ్రంథికి వెళ్ళిపోయేదాన్ని.

2019 ఫిబ్రవరిలో మా అమ్మ కిడ్నీ నాకు పెట్టారు. ఆ రోజు మెడ దగ్గర వేసిన గొట్టంలోంచి నా ఒంట్లోకి ఎక్కించిన మందు పేరులోనే ఆ గ్రంథి ఉంది. యాంటీ థైమోసైట్ గ్లోబ్యులిన్. జువాలజీ చెప్పేదాన్ని కాబట్టి పేరు విడదీసి చదువుకోగలిగాను: థైమస్ కణాలకు ఎదురు పనిచేసే యాంటీబాడీలు. అవి ఎక్కడివి, నా ఒంట్లో ఎందుకు, ఏం చేస్తున్నాయి అన్నది సరిగ్గా అర్థం కావడానికి మూడేళ్ళకు పైగా పట్టింది. మధ్యలో ఒక రిజెక్షన్, అంటే పెట్టిన కిడ్నీని ఒళ్ళు తిరస్కరించడం, కూడా చూడాల్సి వచ్చింది.

జబ్బు సంగతి ఎక్కువ చెప్పను. 2015లో కాలేజీలో పెట్టిన హెల్త్ క్యాంపులో బీపీ 170 దాటింది. మూత్రంలో ప్రోటీను పోతోంది. బయాప్సీ చేస్తే ఐజీఏ నెఫ్రోపతి అన్నారు, కిడ్నీలోని వడపోతలను పాడుచేసే జబ్బు. రెండున్నరేళ్ళలో రెండు కిడ్నీలూ పోయాయి. ఆ తర్వాత పద్నాలుగు నెలల డయాలసిస్, వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు. ఎడమ చేతిలో ఫిస్టులా, డయాలసిస్ సూదుల కోసం ధమనినీ సిరనూ కలిపి కుట్టినది. రోజుకు ముప్పావు లీటరు నీళ్ళు. గుంటూరు ఎండల్లో ముప్పావు లీటరుతో ఒక వేసవి గడిపినవాళ్ళకు ఆ దాహం గురించి చెప్పనక్కర్లేదు, గడపనివాళ్ళకు చెప్పినా అందదు.

నాది ఓ పాజిటివ్. పాజిటివ్, నెగటివ్ తేడా పక్కన పెడితే, ఓ వాళ్ళ రక్తం ఎవరికైనా సరిపోతుంది గానీ ఓ వాళ్ళకు ఓ వాళ్ళదే కావాలి. కిడ్నీకీ అంతే. మా వారిది బి. తమ్ముడిది ఓ, కానీ వాడికి అప్పటికే షుగరు. చనిపోయినవాళ్ళ అవయవాలను వరస ప్రకారం ఇచ్చే జీవన్‌దాన్‌లో పేరు రాయించాం, అక్కడ ఓ గ్రూపు వరస పొడుగ్గా ఉంది. అమ్మకు యాభై తొమ్మిదేళ్ళు, ఓ పాజిటివ్, బీపీ లేదు, షుగరు లేదు. "నాకు రెండున్నాయి కదే, ఒకటి చాలంటున్నారుగా" అంది. నేను మూడు నెలలు వద్దన్నాను. నాలుగో నెలలో నన్ను అడగడం మానేసి తనే బాపట్ల నుంచి బస్సెక్కి విజయవాడ వెళ్ళి డాక్టర్ గారిని కలిసింది.

అమ్మకు నెలన్నర పరీక్షలు. ఇరవై నాలుగు గంటల మూత్రం, ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే డీటీపీఏ స్కాన్, రక్తనాళాల కోసం సీటీ యాంజియో, గుండె, ఊపిరితిత్తులు. ఇచ్చేవాళ్ళకు తీసుకునేవాళ్ళ కన్నా ఎక్కువ పరీక్షలు చేస్తారు, అది సరైన పని. తర్వాత అవయవ మార్పిడికి అనుమతిచ్చే ఆసుపత్రి కమిటీ. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం తల్లి దగ్గరి బంధువు కిందకే వస్తుంది. అయినా ఆధార్లు, రేషన్ కార్డు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాత ఫోటోలు అన్నీ చూపించాలి. ఇచ్చేది ఆడవాళ్ళయితే ఇష్టపూర్వకంగా ఇస్తున్నారా లేదా అన్నది మరింత జాగ్రత్తగా చూడాలని, ఆ మాట తీసుకునే మనిషి నుంచి కాకుండా వేరొకరి ద్వారా తేల్చుకోవాలని 2014 నియమాల్లో ఉంది. అందుకే నన్ను బయట కూర్చోబెట్టారు. లోపల వీడియో తీస్తూ, మీ అమ్మాయి గానీ అల్లుడు గానీ బలవంతం చేశారా అని అడిగారట. "కడుపులో ఉన్నప్పుడు అడిగి తీసుకుందాండీ? అప్పుడూ అడక్కుండానే ఇచ్చాను" అందట అమ్మ. ఆ మాట తర్వాత చాలాసార్లు నాకు గుర్తొచ్చింది, వేరే కారణానికి.

మ్యాచింగ్ రిపోర్టులో ఆరింటికి మూడు కలిశాయి. హెచ్ఎల్ఏ అంటారు. మన ఒంట్లోని దాదాపు ప్రతి కణం పైనా ఉండే గుర్తింపు ప్రోటీన్లు అవి. వాటి జన్యువుల్లో ఒక సెట్టు అమ్మ నుంచి, ఒక సెట్టు నాన్న నుంచి వస్తాయి. అందువల్ల తల్లికీ బిడ్డకూ సగం తప్పకుండా కలుస్తుంది. మిగతా సగం కలిస్తే అది అదృష్టమే. అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్ళలో అయితే నాలుగింట ఒక వంతు పూర్తిగా కలిసే అవకాశం, నాలుగింట ఒక వంతు అసలు కలవని అవకాశం. రిపోర్టు చూపించి ఇది అమ్మకు చెబితే కాసేపు ఏమీ అనలేదు. "అయితే మీ నాన్న నీలో సగం ఉన్నారన్నమాట" అంది. నాన్న పోయి అప్పటికి పదేళ్ళు.

క్రాస్‌మ్యాచ్ అని ఇంకొకటి. అమ్మ తెల్లకణాలను నా సీరంలో వేసి చూస్తారు. అవి చచ్చిపోతే నా రక్తంలో అప్పటికే అమ్మకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నట్టు. ఆడవాళ్ళకు ఈ భయం ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డలోని తండ్రి గుర్తులకు వ్యతిరేకంగా మన ఒళ్ళు యాంటీబాడీలు తయారుచేసుకుని ఉండొచ్చు, రక్తం ఎక్కించుకున్నా రావచ్చు. డయాలసిస్‌లో హిమోగ్లోబిన్ 7కు పడిపోయినా వీలైనంత వరకు రక్తం వద్దని డాక్టర్ గారు ఇంజెక్షన్లతో నెట్టుకొచ్చింది ఇందుకేనట. నాకు నెగటివ్ వచ్చింది. ఇక్కడ నెగటివ్ అంటే శుభం.

ఆపరేషన్ రోజు ఆ మందు మొదలుపెట్టారు. ముందు స్టెరాయిడ్, జ్వరం మాత్ర, అలర్జీ ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత చుక్కచుక్కగా ఆరు గంటలు. సిస్టర్ "చలి పుడితే వెంటనే చెప్పండి మేడమ్" అంది. పుట్టింది. ఫిబ్రవరిలో రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. ఇదేం మందు సిస్టర్ అంటే, "కుందేళ్ళ నుంచి తీస్తారట మేడమ్" అంది. నిజమే. చిన్నపిల్లలకు గుండె ఆపరేషన్ చేసేటప్పుడు థైమస్ సరిగ్గా గుండెకు అడ్డంగా ఉంటుంది. ఆ వయసులో పెద్దగా ఉంటుంది కూడా. గుండె కనబడాలంటే దానిలో కొంత తీసేయాలి. అలా తీసిన థైమస్ కణాలను కుందేళ్ళకు ఎక్కిస్తే, వాటి ఒంట్లో మనిషి టి కణాలను పట్టుకునే యాంటీబాడీలు తయారవుతాయి. వాటిని శుద్ధిచేసి సీసాలో పోస్తారు. మనకు ఎక్కించగానే అవి మన టి కణాలను పట్టి చంపేస్తాయి. కొత్త కిడ్నీ కుదురుకునేదాకా ఆ కణాలు ఎదురు తిరగకుండా ఉండాలని. చలి పుట్టింది ఆ కణాలు పగిలి లోపలి రసాయనాలు ఒక్కసారి రక్తంలోకి రావడం వల్ల. ఏ ఊళ్ళో ఏ పసిబిడ్డ గుండె బాగుచేస్తుంటే తీసిన ముక్కో, దాని వల్ల నాకు అమ్మ కిడ్నీ దక్కింది.

అమ్మ ఎడమ కిడ్నీ తీసి నా పొత్తికడుపు కుడివైపు పెట్టారు. నావి రెండూ అలాగే ఉంచేశారు. రక్తనాళాలకు వేసిన క్లాంపు తీయగానే బూడిద రంగు కిడ్నీ గులాబీ రంగుకు తిరిగిందనీ, నిమిషాల్లో మూత్రం వచ్చిందనీ సర్జన్ గారు తర్వాత చెప్పారు. కిడ్నీ సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం క్రియాటినిన్, అది 8.2 నుంచి ఐదో రోజుకు 1.1. రెండో రోజు సాయంత్రం అమ్మ కడుపు చేత్తో పట్టుకుని నడుచుకుంటూ నా గది అద్దం దగ్గరికొచ్చి, మూత్రం సంచీ వంక వేలు చూపించి నవ్వింది.

ఇంటికొచ్చాక మాత్రలు. ఒళ్ళు కొత్త కిడ్నీ మీద తిరగబడకుండా టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసొలోన్ ఎప్పటికీ. ఇన్ఫెక్షన్లు రాకుండా మొదటి నెలల్లో ఇంకో నాలుగు. టాక్రోలిమస్ 1984లో జపాన్‌లోని త్సుకుబా దగ్గర మట్టిలో దొరికిన ఒక బాక్టీరియా ఇచ్చిన మందు. ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి, గడియారం చూసి వేసుకోవాలి. రక్తంలో ఈ మందు ఎంత ఉందో చూసే లెవెల్ పరీక్షకు వెళ్ళిన రోజు ఉదయం మాత్ర వేసుకోకుండా వెళ్ళి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. మాత్ర వేసుకుని వెళితే రిపోర్టు మోసం చేస్తుంది. పంపరపనస తినకూడదు. దానిలోని పదార్థాలు పేగుల్లో, కాలేయంలో ఈ మందును విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటాయి, లెవెల్ పైకి పోతుంది. మా పెరట్లో పంపరపనస చెట్టుంది. కాయలు ఇప్పటికీ ఇరుగుపొరుగు పిల్లలకే. వేళ్ళు వణకడం ఈ మందు లక్షణం. మొదటి ఏడాది బోర్డు మీద బొమ్మ గీస్తే గీత వంకర పోయేది.

ఆరో నెల చెకప్‌లో నేను అడగదలచుకున్నది అడిగాను. "డాక్టర్ గారూ, ఇది అమ్మదే కదా. ఆవిడ కడుపులో తొమ్మిది నెలలున్నాను. ఆవిడ కిడ్నీని కూడా నా ఒళ్ళు పరాయిదంటుందా? ఎన్నేళ్ళు వేసుకోవాలి ఈ మాత్రలు?"

డాక్టర్ గారు ప్రిస్క్రిప్షన్ వెనక బొమ్మ గీసి చెప్పారు. ఆ రోజు విన్నదీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి చెబుతున్నాను.

ఎముక మజ్జలో పుట్టిన పసి కణాలు థైమస్‌లోకి చేరతాయి. అక్కడ ప్రతిదానికీ ఒక గ్రాహకం అమరుతుంది, ఎదుటిదాన్ని పట్టుకునే కొక్కెం లాంటిది, ముక్కలను యాదృచ్ఛికంగా కలిపి చేసేది. అందువల్ల ఏ కణం దేన్ని పట్టుకుంటుందో ముందుగా ఎవరూ నిర్ణయించరు. కొన్నింటికి వైరస్ పట్టుబడుతుంది, కొన్నింటికి మన గుండె కండరమే పట్టుబడుతుంది. అందుకని రెండు వడపోతలు. మొదటిది, మన సొంత హెచ్ఎల్ఏను గుర్తించగలవా లేదా? గుర్తించలేనివి చస్తాయి. రెండోది, మన సొంత ప్రోటీన్లను మరీ గట్టిగా పట్టుకుంటున్నాయా? పట్టుకునేవీ చస్తాయి. నూటికి ఐదు కూడా ప్రాణంతో బయటికి రావు. పరీక్షలు దిద్దే వృత్తిలో ఉన్నాను, ఇంత కఠినమైన పరీక్ష ఇంకెక్కడా చూడలేదు.

ఈ రెండో వడపోతలో ఒక అద్భుతం ఉంది. రొమ్ము ఎముక వెనక కూర్చున్న గ్రంథికి క్లోమంలో తయారయ్యే ఇన్సులిన్ ఎలా తెలుసు? థైరాయిడ్ ప్రోటీను ఎలా తెలుసు? థైమస్ లోపలి పొరలోని కొన్ని కణాల్లో ఎయిర్ అనే జన్యువు పనిచేస్తుంది. 1997లో గుర్తించారు దాన్ని. ఒంట్లో ఎక్కడెక్కడో తయారయ్యే వేల ప్రోటీన్లను ఇది థైమస్‌లోనే కొద్దికొద్దిగా తయారుచేయించి, పసి టి కణాలకు చూపిస్తుంది. ఇదీ మనదే, ఇదీ మనదే అని. ఆ జన్యువు పాడైన పిల్లల్లో రోగనిరోధక వ్యవస్థ సొంత గ్రంథుల మీదే పడుతుంది. ఇది నాకు తెలిసినప్పుడు రాత్రి పదకొండయింది. లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివాను. పన్నెండేళ్ళు నేను నాలుగు ముక్కల్లో దాటేసిన గ్రంథి ఇది.

ఇక నా సంగతి. నా థైమస్ ఆ పరీక్ష పెట్టింది నేను గర్భంలో ఉన్నప్పుడు, పసితనంలో. అప్పుడు దాని దగ్గరున్నవి నాకొచ్చిన గుర్తులే: అమ్మది సగం, నాన్నది సగం. అమ్మలో ఉండి నాకు రాకుండా మిగిలిపోయిన సగం ఆ పాఠంలో లేదు. ముప్పై ఎనిమిదేళ్ళకు కిడ్నీతో పాటు ఆ సగం వచ్చింది. పైగా టి కణాలు ఎదిగిందే హెచ్ఎల్ఏను పట్టి చూడడానికి కనుక, కాస్త తేడాగా ఉన్న హెచ్ఎల్ఏ కనబడితే చాలా కణాలు ఒకేసారి ఉలిక్కిపడతాయి. మామూలు వైరస్ ముక్కను గుర్తించేవి లక్షలో ఏ కొన్నో ఉంటే, పరాయి హెచ్ఎల్ఏకు స్పందించేవి వందకు ఒకటి నుంచి పది దాకా ఉంటాయి. రిజెక్షన్ అంత ఉధృతంగా ఉండేది అందుకే. అమ్మ మీద ఒంటికి కోపం ఏమీ లేదు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేస్తోంది. ఈ మాట తెలిశాక నా ఒంటి మీద నాకున్న కోపం పోయింది. డయాలసిస్ రోజుల నుంచీ ఆ కోపం మోస్తున్నాను.

"మరి గర్భంలో ఉన్నాను కదా" అన్న నా ప్రశ్న కూడా పిచ్చిది కాదట. 1953లో లండన్‌లో పీటర్ మెడవార్, బిల్లింగ్‌హామ్, బ్రెంట్ అనే ముగ్గురు చేసిన ప్రయోగం అదే. ఇంకా పుట్టని ఎలుక పిల్లల్లోకి వేరే జాతి ఎలుక కణాలు ఎక్కించారు. అవి పుట్టి పెరిగాక అదే జాతి చర్మాన్ని అతికిస్తే, కొన్ని దాన్ని సొంత చర్మంలా ఉంచుకున్నాయి. అంతకు ముందు 1945లో రే ఓవెన్ కవల దూడల్లో చూశాడు, గర్భంలో రక్తం కలిసిన కవలలు ఒకదాని రక్తకణాలను మరొకటి జీవితాంతం మోస్తాయని. పసితనంలో చూపిస్తే పరాయిది కూడా మనదవుతుంది. మెడవార్‌కు 1960లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బర్నెట్‌తో కలిపి నోబెల్ వచ్చింది. విచిత్రం ఏమంటే, ఆ పాఠం ఎక్కడ జరుగుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. థైమస్ ఎందుకూ పనికిరాని అవయవం అనుకునేవాళ్ళు. 1961లో జాక్ మిల్లర్ అనే యువకుడు పుట్టీపుట్టగానే ఎలుక పిల్లల థైమస్ తీసేసి చూశాడు. వాటిలో లింఫోసైట్లు తగ్గిపోయాయి, వేరే జాతి చర్మం అతికిస్తే తిరస్కరించలేదు. అప్పుడు తెలిసింది, మనిషి ఒంట్లో అన్ని ముఖ్య అవయవాల కన్నా ఆఖరుకు దీని పని బయటపడింది.

తల్లి కణాలు కొన్ని మాయ దాటి బిడ్డలోకి వస్తాయి, బిడ్డవి తల్లిలోకి పోతాయి, దశాబ్దాల పాటు ఉండిపోతాయి. తల్లిలో ఉండి తనకు రాని గుర్తుల పట్ల బిడ్డకు కొంత ఓర్పు ఏర్పడుతుందనడానికి ఆధారాలు కూడా ఉన్నాయి. డాక్టర్ గారు ఇదంతా చెప్పి, నా కళ్ళలో ఆశ చూసి కాబోలు, పెన్ను కింద పెట్టారు. "ఉంటే ఉండొచ్చమ్మా. కానీ ఒక్క మాత్ర ఆపడానికి కూడా అది చాలదు. అమ్మ కిడ్నీ అయినా, రోడ్డు మీద పోయిన మనిషి కిడ్నీ అయినా, ఎనిమిదింటికి మాత్ర ఎనిమిదింటికే."

విన్నాను. మూడేళ్ళు గీత దాటలేదు. కోవిడ్ రెండు అలల్లో ఇంట్లోంచి పాఠాలు చెప్పాను, అమ్మను కూడా వాకిట్లోంచే పలకరించాను. 2022 మే నెలలో తమ్ముడి కూతురి పెళ్ళి. ముహూర్తం తెల్లవారుజాము మూడింటికి. ముందు రోజు రాత్రి మాత్రల సంచీ బాపట్లలో, నేను చీరాలలో కల్యాణమండపంలో. రేపు వేసుకుంటాలే అనుకున్నాను. మర్నాడు అలసటతో నిద్రపోయాను. ఆ వారంలో అలా ఐదు పూటలు పోయాయి. ఎవరి తప్పూ లేదు, నాదే. ఒంట్లో ఏ తేడా తెలియలేదు. నొప్పి లేదు, జ్వరం లేదు. అందుకే రిజెక్షన్ అంటే నాకు ఇప్పటికీ భయం, అది చప్పుడు చేయదు.

నెలవారీ పరీక్షలో క్రియాటినిన్ 1.9. లెవెల్ 3.1, నాకు 6 దగ్గర ఉండాలి. అదే రోజు చేర్చుకున్నారు. మర్నాడు బయాప్సీ. కొత్త కిడ్నీ కడుపు ముందువైపు ఉంటుంది కనుక వెల్లకిలా పడుకోబెట్టి, స్కాన్‌లో చూస్తూ సూది వేస్తారు. రిపోర్టులో బాన్ఫ్ 1ఏ అని రాశారు, రిజెక్షన్ ఎంత తీవ్రమో చెప్పే కొలత అది. టి కణాలు కిడ్నీ నాళికల గోడల్లోకి దూరి ఉన్నాయి. రోజుకు 500 మిల్లీగ్రాముల చొప్పున మూడు రోజులు స్టెరాయిడ్ సిరలోకి ఎక్కించారు. మూడు రాత్రులూ నిద్ర లేదు, ఆ మందుకు మెదడు పరుగులు పెడుతుంది. క్రియాటినిన్ 1.3కు దిగి అక్కడ ఆగింది. పాత 1.1 మళ్ళీ రాలేదు. ఆ 0.2 నేను పోగొట్టినది, అమ్మది.

అమ్మకు చెప్పకూడదనుకున్నాను. ఆమే ఫోన్ చేసింది, గొంతు విని పట్టేసింది. "ఒక పూట తప్పితే ఏమవుతుందిలే అనుకున్నావు కదూ" అంది, అంతే. దానికి నేను ఏడ్చినంత బయాప్సీకి ఏడవలేదు.

నాతో పాటు డయాలసిస్ చేయించుకున్న అబ్బాయి ఒకతను, నాకన్నా ఏడాది ముందు వాళ్ళ నాన్న కిడ్నీ పెట్టించుకున్నాడు. మూలికల మందుతో కిడ్నీ 'కలిసిపోయేలా' చేస్తామని, మాత్రలు మానేయొచ్చని ఎవరో చెప్పారు. నాలుగు నెలలు బాగానే ఉన్నాడు. ఇప్పుడు మళ్ళీ డయాలసిస్‌లో ఉన్నాడు, వాళ్ళ నాన్నకు ఒక కిడ్నీయే మిగిలింది. అతన్ని తప్పుపట్టలేను. నెలకు ఇంత మందుల ఖర్చు, వణుకు, షుగరు భయం, క్యాన్సర్ భయం, వీటన్నిటి మధ్య "మానేయొచ్చు" అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. ఆ మాట అమ్ముకునేవాళ్ళను మాత్రం క్షమించలేను.

ఎందుకంటే ఆ మాట వెనక నిజమైన శాస్త్రం ఒకటి నడుస్తోంది. దాన్ని వీళ్ళు పాడుచేస్తున్నారు. మేం వేసుకునే మాత్రలు టి కణాలకు ఏమీ నేర్పవు, గొంతు నొక్కి ఉంచుతాయి, అంతే. టాక్రోలిమస్ అయితే టి కణాలు పెరగడానికి కావలసిన ఐఎల్-2 అనే సంకేతాన్ని ఆపుతుంది. శాంతి కాపాడే కణాలు బతకడానికీ ఆ సంకేతమే కావాలి. అంటే గొడవ చేసేవాళ్ళతో పాటు సర్దిచెప్పేవాళ్ళ నోరూ మూస్తున్నాం. నొక్కడం వేరు, నేర్పడం వేరు. నేర్పడానికి బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ప్రయత్నించారు. కిడ్నీతో పాటు అదే దాత ఎముక మజ్జ కూడా ఎక్కించి, ముందుగా రోగి టి కణాలను తగ్గించి, థైమస్ మీద రేడియేషన్ ఇచ్చి, కొన్నాళ్ళు రెండు రకాల రక్తకణాలూ కలిసి తిరిగేలా చేశారు. నాలాగే సగమే కలిసిన ఐదుగురి ఫలితాలు 2008లో ప్రకటించారు. నలుగురు మందులన్నీ మానేయగలిగారు, ఒకరికి కిడ్నీ పోయింది. తర్వాతి ఏళ్ళలో ఇలా మానేసినవాళ్ళలో కొందరు మళ్ళీ మందుల్లోకి రావలసి వచ్చింది. మన దేశంలో అహ్మదాబాద్‌లో హెచ్.ఎల్. త్రివేది గారి బృందం కూడా దాత మూలకణాలను కాలేయానికి వెళ్ళే పోర్టల్ సిరలోకి ఎక్కించి మందులు తగ్గించడానికి చాలా ఏళ్ళు శ్రమించింది. నాకూ చేయొచ్చా అని అడిగాను. ఇవి పరిశోధనలో భాగంగా, కిడ్నీ పెట్టే సమయానికే సిద్ధం చేసుకుని చేసేవి, ఎక్కించిన మజ్జ కణాలే తిరగబడి మన ఒంటి మీద పడే ప్రమాదం కూడా ఉంది అన్నారు డాక్టర్ గారు. అడిగినందుకు కోప్పడలేదు. అందరూ అడుగుతారట.

శాస్త్రంలో టాలరెన్స్ అనేదాన్ని తెలుగులో సహనం అంటున్నాం. నాకు ఆ మాట సరిపోదనిపిస్తుంది. సహించడం అంటే పళ్ళ బిగువున భరించడం. అత్తారింట్లో కోడలు, ఆఫీసులో గుమాస్తా సహిస్తారు. థైమస్ చేసేది అది కాదు. దత్తత వచ్చిన పిల్లవాడికి ఇంటిపేరు ఇచ్చేస్తాం, ఆ తర్వాత వాడు పరాయివాడన్న ఆలోచనే రాదు, దానికి దగ్గరగా ఉంటుంది. ఒక్క మాటలో దానికి పేరు దొరకలేదు నాకు.

2022 ఉగాదికి ముందు పేపర్లో ఒక వార్త చదివాను, కత్తిరించి దాచుకున్నాను. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ ఆసుపత్రిలో ఆరు నెలల బాబుకు గుండె మార్పిడి చేశారు, 2021 ఆగస్టులో. గుండెలో లోపాలతో పాటు ఆ బాబుకు థైమస్ సమస్య కూడా ఉంది. గుండె ఇచ్చిన దాత థైమస్ ముక్కను ల్యాబులో పెంచి, రెండు వారాల తర్వాత వాడి ఒంట్లో పెట్టారు. కొన్ని నెలలకు అది పనిచేయడం మొదలుపెట్టింది. కొత్త థైమస్‌లో ఎదిగే టి కణాలు కొత్త గుండెను కూడా మనదే అని నేర్చుకుంటాయని వాళ్ళ ఆలోచన. నా మెడలోకి వచ్చిన మందు కూడా పసిపిల్లల థైమస్ నుంచి మొదలైందే. నాకు దాన్ని టి కణాలను చంపడానికి వాడారు. ఆ బాబుకు కొత్తగా నేర్పించడానికి వాడారు. ఆ రెంటి మధ్య ఎంత దూరం నడవాలో నాకు తెలుసు, అయినా ఆ కాగితం ముక్కను మాత్రల డబ్బా మూతలో అంటించుకున్నాను.

2025 అక్టోబరులో స్టాఫ్ రూములో బోటనీ మేడమ్ ఫోన్ చూస్తూ "మీ సబ్జెక్టే అండీ, నోబెల్ వచ్చింది" అంది. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకాగుచి. థైమస్ వడపోత ఎంత కఠినమైనా కొన్ని కణాలు తప్పించుకుని బయటికొస్తాయి. వాటిని బయట అదుపులో పెట్టే నియంత్రక టి కణాలను సకాగుచి 1995లో చూపించాడు. ఆ కణాలను నడిపే ఫాక్స్‌పీ3 జన్యువు జాడ మిగతా ఇద్దరూ పట్టారు. సర్దిచెప్పేవాళ్ళు అని నేను ఇందాక అన్నది వీళ్ళనే. రోగి సొంత నియంత్రక కణాలను ల్యాబులో పెంచి తిరిగి ఎక్కించే ప్రయోగాలు కిడ్నీ పెట్టించుకున్నవాళ్ళ మీద జరుగుతున్నాయి.

ఇప్పుడు థైమస్‌కు నేను రెండు పీరియడ్లు ఇస్తున్నాను. సిలబస్ వెనకబడుతుందని మొన్న ప్రిన్సిపాల్ గారు అన్నారు, శనివారం అదనంగా ఒక క్లాసు తీసుకుని సరిచేశాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి అడిగింది, "మేడమ్, అమ్మలోంచే పుట్టాం కదా. మరి అమ్మ కిడ్నీ మనది ఎందుకవదు?"

బోర్డు వైపు తిరిగి గుండె బొమ్మ గీశాను, దాని ముందు రెండు లంబికలు. గీత ఇప్పుడు వంకర పోవడం లేదు. అమ్మ సగం ఒక రంగు సుద్దముక్కతో, నాన్న సగం ఇంకో రంగుతో గీసి, అమ్మలో మిగిలిపోయిన సగాన్ని బొమ్మకు బయట గీశాను. అందరూ రాసుకునేదాకా ఆగాను. మంగళవారం లెవెల్ పరీక్ష ఉంది. ఉదయం మాత్ర సంచీలో పెట్టుకుని, వేసుకోకుండా వెళ్ళాలి.